పంతుళ్లొచ్చారు, పిల్లలు సుగ్గికి పోయారు

(విద్యాశాఖ మంత్రికి మద్దికెర నుంచి ఒక బహిరంగ లేఖ)

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి నారా లోకేశ్ గారికి,



మాది మద్దికెర. ముప్పైమూడేళ్లు సర్కారు బళ్లలో సోషల్ చెప్పి రిటైరైన మనిషిని. సర్వీసులో ఉండగా ఇట్లాంటి ఉత్తరం రాస్తే చేతికి మెమో వచ్చేది. ఇప్పుడా బెంగ లేదు. ఒకటో తారీఖున పెన్షన్ పడిందా లేదా అని ఫోను చూసుకునే బెంగ ఒక్కటే మిగిలింది.

మా ఊరు గుర్తుండడానికి రెండు ఆనవాళ్లు చెబుతాను. దసరా నాడు మా దగ్గర యాదవ రాజుల వారసులు గుర్రాల మీద పందెం కడతారు. చూడడానికి చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలి వస్తాయి. ఇక తొలకరి పడిందంటే జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర చేలల్లో వజ్రాలు దొరుకుతాయని ఎక్కడెక్కడివాళ్లో వచ్చి, తలలు వంచుకుని, సాళ్ల వెంట తిరుగుతుంటారు. జూన్‌లో బయటివాళ్లు అదృష్టం కోసం మా మట్టిలోకి వస్తారు. దసరా దాటాక మా పడమటి పల్లెల వాళ్లు కూలి కోసం బయటికి పోతారు. ఈ ఉత్తరం ఆ పోయేవాళ్ల పిల్లల గురించి.

పోయిన నెల, నేను చివరగా పనిచేసిన బడికి ఊరికే ఒకసారి వెళ్లాను. ఆదోని దాటి కోసిగి వైపు పోతే వస్తుందా ఊరు. పేరు రాయను, పిల్లల పేర్లూ రాయను. డీఎస్సీలో ఉద్యోగం వచ్చి కొత్తగా చేరిన టీచరమ్మ ఐదో తరగతిలో హాజరు పిలుస్తోంది. నంద్యాల వైపు అమ్మాయి. ఒక పేరు పిలిచింది. జవాబు లేదు. వెనక బెంచీలోంచి ఎవడో "సుగ్గికి పోయినాడు టీచర్" అన్నాడు. ఇంకో పేరు. "సుగ్గికి పోయింది టీచర్." ముప్పైఒక్క పేర్లు పిలిస్తే పన్నెండు మంది పలికారు. బయటికి వచ్చాక ఆ అమ్మాయి నన్ను మెల్లగా అడిగింది: "సార్, సుగ్గి అంటే ఏ ఊరు? ఇంతమంది అక్కడికి ఎందుకు పోయినారు?"

నవ్వాను. తర్వాత నవ్వినందుకు సిగ్గుపడ్డాను. ఆ అమ్మాయి తప్పేముంది? మన పాఠ్యపుస్తకంలో సుగ్గి లేదు, ట్రైనింగులోనూ లేదు.

సుగ్గి కన్నడం మాట. కోతల కాలం, పంట ఇంటికొచ్చే పండుగ కాలం. సరిహద్దు అవతల సంక్రాంతిని సుగ్గి పండుగ అంటారు. మా ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం, ఆలూరు పల్లెల్లో ఆ మాటకు అర్థం మారిపోయింది. ఇక్కడ సుగ్గి అంటే ఇంకొకరి పంట కోయడానికి మన ఇంటికి తాళం వేసి పోవడం. దసరాకో దీపావళికో మొదలవుతుంది. రాత్రిపూట లారీ వచ్చి రచ్చకట్ట దగ్గర ఆగుతుంది. బియ్యం మూట, జొన్నపిండి, చాప, దుప్పటి, నీళ్ల బిందె, రెండు కోళ్లు, వాటి మీద పిల్లలు. ముందు గుంటూరు, పల్నాడు చేలల్లో పత్తి తీస్తారు. తర్వాత అక్కడే మిరపకాయ కోతలు. పత్తి తీసిన కూలి కిలోల లెక్కన ఇస్తారు. రోజు కూలి అయితే పిల్లల్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కిలోల లెక్కయితే పదేళ్ల పిల్ల తీసిన నాలుగు కిలోలూ కాటాలో తూగుతాయి. ఆ పిల్ల చేతులు అట్లా కుటుంబం ఆదాయంలో కలిసిపోతాయి. ఉగాదికి తిరిగొస్తారు.

ఎందుకు పోతారని విజయవాడలో కూర్చుని అడిగేవాళ్లకు ఒక్క మాటలో చెప్పొచ్చు: నీళ్లు లేక. తుంగభద్ర మా పక్కనుంచే పోతుంది, దిగువ కాలువ మా ఊళ్ల మధ్యనుంచే పోతుంది. అయినా మా చేలల్లో చాలావాటికి ఆకాశమే కాలువ. ఒక పంట పోతే, కూలీలను తీసుకుపోయే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు. అడ్వాన్సు తీర్చడానికి సుగ్గి. సుగ్గి డబ్బుతో విత్తనాలు. మళ్లీ వాన. ఈ సంగతి మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. మా పడమటి పల్లెల్లో ఓటు అడిగిన ప్రతి పార్టీ మైకులో దీన్నే చెప్పింది.

మొదట చెప్పాల్సిన థాంక్సు చెప్పి తర్వాత మాట్లాడతాను. మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు వేశారు. 2025 సెప్టెంబరు 25న అమరావతిలో నియామక పత్రాలు ఇచ్చారు. వాటిలో ఉమ్మడి కర్నూలు జిల్లాకు వచ్చినవి 2,678, రాష్ట్రంలో ఏ జిల్లాకూ అన్ని రాలేదు. అంత పెద్ద అంకె మా గొప్ప కాదు. మా పల్లెలకు వచ్చిన పంతులు వచ్చిన రోజు నుంచే ట్రాన్స్‌ఫర్ కోసం చూస్తాడు. ఆ ఖాళీల లెక్కే అది. సర్వీసులో ఉండగా ఒక బళ్లో ఐదు తరగతులూ నేనొక్కణ్నే చూశాను. ఒక గదిలో ఎక్కాలు చెప్పించి, ఇంకో గదిలో డిక్టేషన్ ఇచ్చి, మధ్యలో వంటమనిషి ఉప్పు లేదంటే అంగడికి పరిగెత్తాను. అట్లాంటి చోటికి 2025 అక్టోబరులో ముగ్గురు కొత్త టీచర్లు ఒకేసారి వస్తే, నా కళ్లు చెమర్చాయంటే నమ్మండి. పంతులు లేని బడి చూస్తూ ముసలివాణ్నయినవాణ్ని.

అయితే అక్టోబరులో పంతుళ్లు వచ్చారు. అదే అక్టోబరులో లారీలూ వచ్చాయి.

మంత్రిగారూ, మీరు ఈ నేల మీద నడిచినవారు. 2023 ఏప్రిల్‌లో యువగళం పాదయాత్ర పత్తికొండ, ఆలూరు, ఆదోని, మంత్రాలయం, ఎమ్మిగనూరు నియోజకవర్గాల మీదుగా పోయింది. ఏప్రిల్ ఎండ ఈ దిక్కున ఎట్లా ఉంటుందో మీ కాళ్లకే తెలుసు. వలస గోడు మీతో చెప్పుకున్నవాళ్లూ ఉంటారు. ఒక్క సంగతి మాత్రం మీరు చూసి ఉండరు. ఏప్రిల్ అంటే ఉగాది దాటిన నెల. సుగ్గి వాళ్లు తిరిగొచ్చి, ఊళ్లు నిండుగా ఉండే కాలం. అరుగుల మీద మనుషులు, వీధుల్లో పిల్లలు. మీరు చూసిన మా ఊళ్లు అవి. డిసెంబరు ఊళ్లు వేరు. వీధికి వీధి తాళాలు, తాళాల ముందు అవ్వలు, అవ్వల ఒళ్లో మాటలు రాని బిడ్డలు. ఒకసారి డిసెంబరులో రండి. పెద్ద కాన్వాయ్ వద్దు.

ఇక్కడ సోషల్ పంతులు బుద్ధి పోనిచ్చుకోలేక ఒక పాత కథ చెబుతాను. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి గుట్టల మీద అశోకుడి శాసనాలున్నాయి. మద్దికెరకు ఆట్టే దూరం కాదు. ప్రతి ఏడూ ఒక తరగతినైనా అక్కడికి తీసుకుపోయేవాణ్ని. పిల్లలకు ఆ రాతలో అన్నిటికంటే నచ్చేది ఒకటుంది: కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి నడిస్తే, కొన్ని కుడి నుంచి ఎడమకి నడుస్తాయి. "ఎద్దులు సాలు మలిపినట్టుంది సా" అన్నాడొకడు. ఏ ప్రొఫెసరూ నాకు అంత బాగా చెప్పలేదు.

ఆ రాతలోని మాటలు చిన్నవి. తల్లిదండ్రుల మాట వినాలి, పెద్దల మాట వినాలి, ప్రాణుల మీద దయ చూపాలి, నిజం చెప్పాలి. శిష్యులు గురువును గౌరవించాలి. ఈ సంగతి పల్లెల్లో భేరి కొట్టి చాటమని తన రజ్జుకులనే అధికార్లకు రాజు ఆజ్ఞ. మావటీలకు, కరణాలకు కూడా చెప్పమన్నాడు. ప్రాకృతంలో ఉన్న మాట కూడా దాదాపు కరణమే! ఇరవై రెండు శతాబ్దాల కిందట ఒక పాలకుడు ప్రజలకు రాసిన బహిరంగ లేఖ అది. మా సీమ వాళ్లం జవాబు రాయడంలో కొంచెం ఆలస్యం చేశాం.

ఆ గుట్ట మీద నిలబడి పిల్లలకు "దయ, సత్యం" అని గొంతు చించుకుని చెప్పిన నేను, ఆ రెంటిలో ఒకదాన్ని చంపి ఇంకోదాన్ని బతికించాల్సి వచ్చింది. ఎవరికీ చెప్పని సంగతి, మీకు చెబుతున్నాను.

పిల్లను బడికి పంపే తల్లికి ప్రభుత్వం డబ్బిచ్చే అమ్మ ఒడి పథకం నడుస్తున్న రోజులు. ఆ డబ్బు రావాలంటే పిల్లకు 75 శాతం హాజరు ఉండాలి. ఏడాదిలో బడి జరిగేది 220 రోజుల దాకా. అందులో 75 శాతం అంటే 165. నవంబరులో లారీ ఎక్కి ఉగాదికి దిగే పిల్లకు 165 ఎట్లా వస్తాయి? ఏడో తరగతిలో ఒక పిల్ల ఉండేది. తెలివిగలది. మ్యాపులో నదులు గీయమంటే ఉపనదులతో సహా గీసేది. ఆ ఏడు వాళ్లమ్మకు ఆ డబ్బు పడితే మరుసటి ఏడు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకోకుండా తప్పించుకోవచ్చని నాకు లెక్క తెలుసు. ఎవరూ అడగలేదు. నేనే యాప్‌లో ఆ పిల్ల పేరు ఎదురుగా రోజూ హాజరు నొక్కాను. పల్నాడులో మిరపకాయలు కోస్తున్న పిల్ల కోసిగి దిక్కున బళ్లో కూర్చున్నట్టు లెక్క రాసింది నా వేలు.

అదే నెలలో ఇంకో తల్లి వచ్చింది, కొడుకు కోసం. "సా, మావోడికి కూడా ఎట్లన్నా జెయ్యండి సా" అంది. అంతకు నాలుగు రోజుల ముందే చెకింగ్ వస్తుందని ఎవరో అన్నారు. నాకు భయం పట్టింది. "రూలు ఒప్పుకోదమ్మా, నేను అబద్ధం రాయలేను" అన్నాను. గొంతులో ఒణుకు లేకుండా అన్నాను. ఆమె చెంగుతో మొహం తుడుచుకుని పోయింది.

ఆ పిల్లాడు తర్వాత బడికి రాలేదు. ఇప్పుడు బెంగళూరులో సెంట్రింగ్ పని. ఆదోని బస్టాండులో కనబడితే పరిగెత్తుకొచ్చి "బాగుండారా సా" అని నా సంచి అందుకుంటాడు. వాడికి నేనేం చేశానో వాడికి తెలియదు. ఒకరికి దయ చూపి, ఒకరికి సత్యం చెప్పిన పంతులి సంచి అది.

ఇప్పుడు అమ్మ ఒడి పోయి తల్లికి వందనం వచ్చింది. ఇంట్లో చదివే పిల్లలందరికీ ఇస్తామన్నారు, ఇచ్చారు. తల్లి ఖాతాలో 13,000, బడి నిర్వహణకు 2,000. ఇంటికి ఒక్కరికే అనకుండా అందరికీ ఇవ్వడం మంచి పని. ఆ 75 శాతం షరతు మాత్రం పాత ఇంటి గడపలా కొత్త ఇంట్లోనూ ఉండిపోయింది. ఆ షరతు పెట్టినవారి ఉద్దేశం నాకు తెలుసు. బడి మానకూడదని పెట్టారు. ఊళ్లో ఉండి బడి ఎగ్గొట్టేవాడి మీద అది బెత్తంలా పనిచేస్తుంది. ఊళ్లోనే లేనివాడి మీద అది పనిచేయదు. అందరికంటే లేనివాళ్లే సుగ్గికి పోతారు. సుగ్గికి పోయారు గనకే డబ్బు రాదు. డబ్బు రాలేదు గనక మళ్లీ సుగ్గికి పోతారు. మీ అధికార్లలో లెక్కలు బాగా వచ్చినవారు ఎవరైనా ఈ సున్నాను చుట్టి చూపించగలరు.

ఇంకో సంగతి. ఒక జనవరిలో తెలియని నంబరు నుంచి కాల్ వచ్చింది. పల్నాడులో ఒక బడి హెడ్మాస్టరు. "మాస్టారూ, మిరప కోతలకొచ్చిన వాళ్ల పిల్లండీ. మూడు రోజుల్నించి మా గేటు పట్టుకుని నిలబడి చూస్తోంది. మీ పేరూ ఫోన్ నంబరూ నోట్‌బుక్ అట్ట మీద రాసుకుంది. లోపల కూర్చోబెట్టేశాను, టీసీ సంగతి తర్వాత చూద్దాం. ఇంతకీ మీరు లెక్కలు ఎందాకా చెప్పారు?"

భిన్నాలు అయిపోయాయని చెప్పాను. సరేనని పెట్టేశాడు. ఆ మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. ఆ పిల్ల అక్కడ రెండు నెలలు చదువుకుంది, మధ్యాహ్నం అన్నం తింది, ఉగాదికి తిరిగొచ్చి దశాంశాలు నాకంటే ముందే చెప్పింది. అయితే ఆ రెండు నెలల హాజరు ఎక్కడా పడలేదు. పేరు మా బడిలో, మనిషి వాళ్ల బడిలో. కంప్యూటరు దృష్టిలో ఆ పిల్ల రెండు చోట్లా లేదు. ఇట్లాంటి పేర్లు చివరికి డ్రాప్‌బాక్స్‌లో, అంటే ఏ బళ్లో ఉన్నారో తెలియని పిల్లల జాబితాలో, పడతాయి. కొత్త టీచర్లకు ఈ మాట మొదటి నెలలోనే వచ్చేస్తుంది: "సార్, మా క్లాసులో నలుగురు డ్రాప్‌బాక్స్‌లో పడ్డారు." బావిలో పడ్డారన్నట్టే వినబడుతుంది నాకు.

ఆ హెడ్మాస్టరు చేసింది దయ అని నేను చాలాకాలం అనుకున్నాను. రిటైరయ్యాక తీరిగ్గా చట్టం తీసి చదివితే, ఆయన చేసింది దయ కాదు, డ్యూటీ అని తేలింది. 2009 విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్ ప్రకారం పిల్ల ఒక బడి నుంచి ఇంకో బడికి మారొచ్చు. టీసీ రాలేదన్న సాకుతో చేర్చుకోవడం ఆపకూడదు. తొమ్మిదో సెక్షన్‌లో వలస కుటుంబాల పిల్లలను బళ్లో చేర్చే బాధ్యత స్థానిక సంస్థలదని స్పష్టంగా ఉంది. 2010 ఏప్రిల్ నుంచి అది అమల్లో ఉన్న చట్టం. మూడు రోజులు గేటు పట్టుకుని నిలబడిన పిల్లకు పార్లమెంటు ఎప్పుడో తలుపు తీసేసింది. ఆ సంగతి గేటుకు తెలియదు, అంతే. మంచి మనిషి ఎదురైతే చదువు, ఎదురుకాకపోతే పత్తి చేను. పిల్లల బతుకు అట్లా మనుషుల మంచితనం మీద జూదమాడకూడదు.

జాలి వేరు, ఏర్పాటు వేరు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప గారు 1938లో నేతగాళ్లకు సహకార సంఘం పెట్టించారు. నేతగాళ్లను చూసి జాలిపడ్డవాళ్లు ఆయనకు ముందూ ఉన్నారు. ఆయన నూలు దొరికే ఏర్పాటు, గుడ్డ అమ్ముడుపోయే ఏర్పాటు చేశారు. ఆయన పోయాక కూడా మగ్గం ఆడింది. 1954లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన బతికిన కాలంలో ఈ వైపు జాలికి, ఏర్పాటుకు తేడా తెలిసిన జనం ఎక్కువని అనిపిస్తుంది నాకు.

ఇంకా వెనక్కి పోతే థామస్ మన్రో. రాయలసీమను దత్త మండలాలంటున్న రోజుల్లో ఇక్కడ కలెక్టరు. తర్వాత మద్రాసు గవర్నరై, 1827 జూలైలో పత్తికొండలోనే కలరాతో పోయాడు. సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారంటారు. ఆయన 1822లో, ఏ జిల్లాలో ఎన్ని బళ్లున్నాయో, ఎంతమంది పిల్లలున్నారో లెక్క పంపమని కలెక్టర్లందరినీ అడిగాడు. బళ్లారి కలెక్టరు క్యాంబెల్ 1823లో జవాబు రాశాడు. మా ఆదోని అప్పుడు బళ్లారి జిల్లాలోది. 1953లో కొత్త రాష్ట్రం వచ్చాకే ఆంధ్రలో కలిసింది. క్యాంబెల్ లెక్కలో, తొమ్మిది లక్షలు దాటిన జనానికి 533 బళ్లు, 6,641 మంది పిల్లలు. బళ్లలో 235 కన్నడానివి, 226 తెలుగువి. ఆ లెక్క పక్కన ఆయన కారణం కూడా రాశాడు: జనం బీదరికంలో పడ్డారు, పిల్లల లేత చేతులు చిన్నపాటి పనికి పనికొచ్చే వయసు రాగానే బడి మాన్పించి పనిలో పెడుతున్నారు.

రెండొందల ఏళ్ల కిందటి కలెక్టరు నా తరగతి గది కిటికీలోంచి చూసి రాసినట్టుంది. ఆయనది పరాయి ప్రభుత్వం, కారణం రాసి చేతులు దులుపుకుంది. మనకు ఆ వీలు లేదు.

రాజకీయం మాట కూడా రెండు ముక్కలు. మీ పార్టీవాళ్లు నన్ను అవతలి పార్టీ మనిషి అంటారు, అవతలి పార్టీవాళ్లు నన్ను మీ మనిషి అంటారు. ఇద్దరూ తప్పే. మా వంటగదిలో మధ్యాహ్నం ఉడికిన గుడ్డు ఒకప్పుడు జగనన్న గోరుముద్ద గుడ్డు. ఇప్పుడు డొక్కా సీతమ్మ గుడ్డు. పార్టీ నాయకుల పేర్లు తీసేసి, కాలే కడుపులకు అన్నం పెట్టిన గోదావరి తల్లి పేరు పెట్టడం నాకు నచ్చింది. ఆమె ఏ కంచం మీదా తన పేరు చెక్కించుకోలేదు. మా వంటామె మాత్రం పేరు ఏదైనా ఒక పనిచేసేది. బడికి తమ్ముణ్ని చంకనేసుకుని వచ్చే ఒక పిల్ల ఉండేది. ఆ బిడ్డకు బడి లెక్కలో గుడ్డు లేదు. వంటామె తన వంతు గుడ్డు సగం చేసి బిడ్డ చేతిలో పెట్టేది, ఎవరూ చూడకుండా. నేను చూసి చూడనట్టు పోయేవాణ్ని. ఆ తల్లికి గౌరవ వేతనం నెలనెలా చేతికందిందా అని మీ ఆఫీసులో ఎవరైనా అప్పుడప్పుడు చూస్తే బాగుంటుంది.

రెండో ముక్క. 2024 మే 13న పోలింగు. నాకు డ్యూటీ పడింది. దానికి రెండు మూడు రోజుల ముందు నుంచీ మా వైపు రోడ్ల మీద జీపులు, బస్సులు. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి, గుంటూరు నుంచి వలసపోయినవాళ్లను ఓటుకు తీసుకొస్తున్నాయి. అన్ని పార్టీలవీ. ఎవరు ఏ ఊళ్లో, ఏ మేస్త్రీ కింద, ఏ సైటులో ఉన్నారో పార్టీ కార్యకర్తల దగ్గర పేరుపేరునా లిస్టులున్నాయి. ఫోన్ నంబర్లతో సహా! పోలింగు ముందు రాత్రి బూత్‌లో చాప మీద పడుకుని అనుకున్నాను: వలస వాళ్లు ఎక్కడున్నారో కనుక్కోవడం కష్టమని మా మీటింగుల్లో ఎన్నిసార్లు విన్నామో కదా. కష్టమేమీ కాదు. తల్లీతండ్రికి ఓటుంది, వెతికి పట్టుకున్నారు. పిల్లకు ఓటు లేదు.

ఇక అడగాల్సింది అడుగుతాను.

సీజనల్ హాస్టళ్లు మంచి ఆలోచన. తల్లిదండ్రులు పోయినా పిల్ల ఊళ్లోనే ఉండి, రాత్రి బళ్లోనే తిని పడుకుంటుంది. అవి తెరిచే తేదీ మాత్రం లారీ వచ్చే తేదీకి ముందుండాలి. లారీ పోయాక తెరిచిన హాస్టల్లో వంటమనిషి, వాచ్‌మన్ తప్ప ఎవరుంటారు? దసరా సెలవులు ముగిసిన రోజునే గంట కొట్టండి. అక్కడ ఆడపిల్లలకు రాత్రిపూట తోడుగా ఊరి మనిషే ఒకామె ఉండాలి. తల్లులు నన్ను అడిగింది మెనూ గురించి కాదు, ఎప్పుడూ ఇదొక్కటే: "రాత్రికి ఆడమనిషి ఎవురుంటారు సా?"

అయినా అందరూ వదిలి పోరు. చంటిబిడ్డను ఎత్తుకునే పిల్లను తల్లి వదలదు. వాళ్ల కోసం అక్కడి బడి తలుపు తెరవాలి. పత్తి, మిరప పండే మండలాల్లో ప్రతి హెడ్మాస్టరుకూ ఒక్క పేజీ ఆర్డరు చాలు: సుగ్గికి వచ్చిన పిల్లను అడిగిన రోజే కూర్చోబెట్టండి, అన్నం పెట్టండి, హాజరు వేయండి. ఆ హాజరు మా దగ్గరి పేరుకు వచ్చి కలవాలి. ఒక సర్టిఫికెట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరగక్కర్లేదని మన మిత్ర వాట్సాప్ పెట్టిన ప్రభుత్వం మీది. కరెంటు బిల్లు ఏ ఊరి నుంచైనా కట్టొచ్చు. పిల్ల హాజరు ఏ ఊరి నుంచైనా పడకూడదా? అది పడితే 75 శాతం షరతును మీరు తీసేయక్కర్లేదు కూడా. నాలాంటి పంతులెవడూ యాప్ ముందు కూర్చుని దయా సత్యమా అని వేలు ఆడించక్కర్లేదు. కన్నడ మీడియం పిల్లలు కూడా ఉంటారు మా దిక్కున. వాళ్లకు పల్నాడులో పాఠం చెప్పేవారుండరు, పుస్తకమైనా వెంట ఇచ్చి పంపే ఏర్పాటు చూడండి.

వలసే ఆపండి, ముందు కాలువలు తవ్వండి అని మా పెద్దలు అంటారు. నిజమే. వేదావతి, గుండ్రేవుల ప్రాజెక్టుల పేర్లు వింటూనే నా జుట్టు నెరిసింది. అవి కావాలి, అడుగుతూనే ఉంటాం. కానీ 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఏం చేశారు? డ్యాం ఖాళీ అయ్యేదాకా ఆగి తర్వాత చూద్దామనలేదు. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారు ఎనభై దగ్గరపడ్డ వయసులో వచ్చి నిలబడి, నీళ్లు దూకుతుండగానే స్టాప్‌లాగులు దింపించారు. వారం తిరిగేసరికి నీళ్లు నిలిచాయి. ఆ నీళ్లతోనే మా దిగువ కాలువ కింద ఆ ఏడు కొందరు సుగ్గికి పోకుండా ఆగారు. పిల్లల చదువూ అంతే, కాలువలు వచ్చేదాకా ఆగకూడదు.

ఎర్రగుడిలో చిన్న శాసనమే కాదు, పెద్ద శాసనాలు పద్నాలుగూ ఉన్నాయి. ఆరోదానిలో రాజు చెప్పుకున్న సంగతి ఇది: తాను భోజనం చేస్తున్నా, అంతఃపురంలో ఉన్నా, తోటలో ఉన్నా, ప్రజల పని మీద వచ్చినవాళ్లు ఏ వేళనైనా వచ్చి చెప్పొచ్చు. ఆ ధైర్యంతోనే రాశాను. వేళకాని వేళ వచ్చి ఉంటే మన్నించండి.

డిసెంబరులో వస్తే ఆదోనిలో రైలు దిగండి. స్టేషన్ బయట ఉగ్గాని, బజ్జీ నేను పెట్టిస్తాను. అక్కణ్నుంచి బడికి పోయి ఆ టీచరమ్మ హాజరు పిలుస్తుంటే ఒక్క పీరియడ్ కూర్చోండి. వెనక బెంచీలవాళ్లు చెబుతారు ఎవరు ఎక్కడున్నారో.

2026లో టెన్త్ పరీక్షల మొదలుకు పెట్టిన తేదీ మార్చి 16. ఆ ఏడు ఉగాది 19న. మావాళ్లు లారీ దిగేది ఉగాదికి.

ఇట్లు
మద్దికెర సోషల్ పంతులు